పేరొక్కటే చాలదు.. వివరం రాస్తేనే గిరాకీ

ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు లభించింది. అయినా ఇంటి వద్ద రేకులు చుట్టి అమ్ముకునే మహిళలకు ఆ పేరొక్కటే బేరం తెచ్చిపెట్టదు. దుకాణం బోర్డుపైనా, వాట్సాప్‌ ప్రకటనలోనూ ‘అసలు సిసలైన ఆత్రేయపురం పూతరేకులు’ అనే ఉంటోంది. అందరూ అదే రాస్తే కొనేవారికి తేడా తెలిసేదెలా?

తెలిపేవి వివరాలే. పంచదారా, బెల్లమా? నెయ్యా, వనస్పతా? డబ్బాలో ఎన్ని? ధరెంత? ఏ రోజు చుట్టారు? ఎన్నాళ్లు నిలవుంటాయి? ఈ ఆరు సంగతులు చాలు. విడిగా అమ్మే మిఠాయిలకు సైతం ఏ తేదీలోగా తినాలో తెలపాలని ఆహార భద్రత సంస్థ 2020 అక్టోబరు 1 నుంచి నిబంధన పెట్టింది. చట్టం అడిగేదీ, కొనేవారు అడిగేదీ ఒక్కటే.

అయితే రాసేది నిజమై ఉండాలి. వనస్పతితో చేసి నేతివని చెబితే గిరాకీ పోవడమే కాదు, తప్పుదారి పట్టించే ప్రకటనకు 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద రూ.10 లక్షల వరకు జరిమానా పడవచ్చు.

పెద్ద దుకాణాల రంగుల బోర్డులతో ఇల్లాలు పోటీపడలేదు. కానీ ఆర్డరు అందాకే చుట్టే ఆమె ‘ఈ ఉదయం చుట్టినవి’ అని రాయగలదు. నిల్వ సరకు అమ్మేవారు ఆ మాట రాయలేరు. ఆమె బలం అక్కడే ఉంది.