పరామర్శకు నోచుకోని దుఃఖం

మన కాలనీలలో ఏ ఇంట విషాదం సంభవించినా ఇరుగుపొరుగువారు, సహోద్యోగులు క్షణాలమీద చేరుకుంటారు. అంబులెన్సు మొదలు అంత్యక్రియల వరకు అన్ని ఏర్పాట్లూ ఎవరూ చెప్పకుండానే జరిగిపోతాయి. పలు ప్రాంతాల నుండి వచ్చి ఒకచోట స్థిరపడిన మనకు, ఊరి నుండి బంధుబలగం చేరేలోపు ఒకరికొకరమే బంధువులం. ప్రభుత్వరంగ సంస్థల జీవితంలో ఇదొక మేలిగుణం. అయితే పోయినది ఒక బిడ్డ అయినప్పుడు మన సానుభూతి యావత్తూ తల్లిదండ్రుల చుట్టూనే పరిభ్రమిస్తుంది. అన్ననో, చెల్లెలినో పోగొట్టుకున్న మరొక పసిప్రాణం అదే ఇంటిలో ఒక మూల కూర్చుని ఉంటుంది. “చిన్నపిల్ల, దానికేం తెలుస్తుంది!” అనుకొని మనం ముందుకు సాగిపోతాం.

నిజంగా తెలియదా? హంగేరీకి చెందిన మనస్తత్వవేత్త మారియా నాగీ మూడు నుండి పదేళ్ళ వయస్సుగల పిల్లలు మరణాన్ని ఏ విధంగా అర్థం చేసుకుంటారో పరిశీలించి 1948లో ఒక వ్యాసం ప్రకటించారు. అయిదేళ్ళలోపు పిల్లలకు మరణమంటే నిద్ర వంటిది, లేదా ప్రయాణం వంటిది. వెళ్ళినవారు తిరిగి రావచ్చు. అయిదు, తొమ్మిదేళ్ళ మధ్య దానినొక వ్యక్తిగా, వచ్చి మనుషులను పట్టుకుపోయేవాడిగా ఊహిస్తారు. తొమ్మిదేళ్ళు దాటిన పిదప అది అందరికీ తప్పనిదని గ్రహిస్తారు. ఆ తరువాతి పరిశోధకులు ఈ వయోవిభజనను కొంత సవరించినా, పిల్లల అవగాహన మెట్లుమెట్లుగా పెరుగుతుందన్న మూలసూత్రం మాత్రం నిలిచింది. కావున తెలియకపోవడం కాదు, వారికి తెలిసే తీరు వేరు.

ఈ కారణం చేతనే మనం వాడే మాటలకు ప్రాధాన్యం ఉన్నది. “అన్నయ్య నిద్రపోయాడు” అంటే ఆ రాత్రి నుండి ఆ బిడ్డ నిద్రకు భయపడవచ్చు. “ఊరికి వెళ్ళాడు” అంటే రోజూ వీధి గుమ్మంలో ఎదురుచూడవచ్చు. “మంచివాళ్ళను దేవుడు తొందరగా తీసుకుపోతాడు” అంటే మంచిగా ఉండడమే ప్రమాదమని తలచవచ్చు. “అన్నయ్య చనిపోయాడమ్మా. జబ్బు వలన శరీరం పనిచేయడం ఆగిపోయింది. ఇక నొప్పి ఉండదు, ఆకలి ఉండదు. తిరిగి రాడు” అని చెప్పడం కఠినంగా తోచినా, అదే దయగల మాట. పిదప ఎవరి విశ్వాసాన్ని అనుసరించి వారు దానికి జోడించుకోవచ్చు.

కొన్నేళ్ళ క్రితం మా వీధిలో ఒక కుటుంబం పదమూడేళ్ళ కుమారుణ్ణి విషజ్వరంతో కోల్పోయింది. ఎనిమిదేళ్ళ చెల్లెలు కంటతడి పెట్టలేదు. పరామర్శకు వచ్చినవారందరికీ మంచినీళ్ళు అందించింది. “ఎంత బుద్ధిమంతురాలో” అని వచ్చినవారు మెచ్చుకున్నారు. నెల దాటిన తరువాత ఒకనాటి ఉదయం మా ఇంటి ముందు పూలు కోస్తూ ఆ పాప నా శ్రీమతిని అడిగింది: “ఆంటీ, టీవీ రిమోట్ దగ్గర కొట్లాడుకున్నప్పుడు అన్నయ్యని చచ్చిపో అన్నాను. అందుకేనా?” నెలరోజులపాటు ఆ ప్రశ్నను గుండెలో దాచుకొని ఆ బిడ్డ అందరికీ మంచినీళ్ళు అందించిందన్నమాట. “కాదమ్మా, మాటల వలన ఎవరూ చనిపోరు. జ్వరం వలన పోయాడు. దెబ్బలాడుకోని అన్నాచెల్లెళ్ళు ఎక్కడా ఉండరు” అని ఆమె బదులు చెప్పింది. ఆ పాప అదే ప్రశ్నను మరి మూడు నాలుగు పర్యాయాలు అడిగింది. ప్రతిసారీ విసుగు లేకుండా అదే సమాధానం వచ్చింది. తరువాత అడగడం మానివేసింది.

ఇది ఒక్క బిడ్డకు కలిగిన ఊహ కాదు. తోబుట్టువును పోగొట్టుకొని తీవ్రంగా కలత చెంది మానసిక చికిత్సకు వచ్చిన పిల్లలను పరిశీలించి 1964లో అమెరికాలో ఒక అధ్యయనం ప్రచురించారు. వారిలో ఇంచుమించు సగం మందిలో అపరాధభావం స్పష్టంగా కనిపించింది. బిడ్డ అడిగే వరకు ఆగకుండా, “ఇందులో నీ తప్పేమీ లేదు” అని పెద్దలే ముందుగా చెప్పడం ఉత్తమం.

రెండవ ప్రమాదం మనం ప్రేమతో మోపే భారం. “ఇక అమ్మానాన్నలకు నువ్వే దిక్కు”, “నువ్వేడిస్తే అమ్మ తట్టుకోలేదు”, “అన్నయ్యలా నువ్వూ ఫస్టు రావాలి” అనే మాటలు మన ఇళ్ళలో సర్వసాధారణం. స్కాట్లండు రచయిత జేమ్స్ బారీ అన్న డేవిడ్ 1867 జనవరిలో, పద్నాలుగో పుట్టినరోజుకు ముందు, మంచుమీద జారుతూ ఆడుకునే వేళ ప్రమాదంలో మరణించాడు. అప్పటికి బారీ వయస్సు ఆరేళ్ళు. మంచం పట్టిన తల్లిని ఓదార్చడానికి ఆ పసివాడు అన్న దుస్తులు ధరించి, అన్నవలె ఈలవేయడం సాధన చేశాడు. తల్లి జీవితచరిత్రగా 1896లో వెలువరించిన గ్రంథంలో ఆయనే ఈ సంగతి వ్రాసుకున్నారు. పెరగడానికి ఇష్టపడని పిల్లవాడి కథతో 1904లో రంగస్థలమెక్కిన ‘పీటర్ పాన్’ ఆయన నాటకమే. పోయిన బిడ్డ స్థానాన్ని ఉన్న బిడ్డతో పూరించాలని చూస్తే ఉన్న బిడ్డ కూడా మరుగున పడిపోతుంది.

సమాంతరంగా నడిచే రెండు పంపులలో ఒకటి ట్రిప్ అయితే, మనం ఆగినదాని వద్దకు పరుగెత్తేముందు నడుస్తున్నదాని అమ్మీటరు చూస్తాం. భారం అక్కడికి చేరుతుందని మనకు తెలుసు. ఇంటిలో మాత్రం ఈ సంగతి మరచిపోతాం.

తల్లిదండ్రులు బిడ్డను కోల్పోతారు; తోబుట్టువు తన బాల్యానికి సాక్షిని కోల్పోతుంది. సత్యజిత్ రాయ్ దర్శకత్వంలో 1955లో విడుదలైన ‘పథేర్ పాంచాలి’ చిత్రంలో, తాను తీయలేదని అక్క దుర్గ చెప్పిన పూసలదండ, ఆమె మరణానంతరం తమ్ముడు అపు కంటపడుతుంది. అతడు ఎవరికీ చెప్పక దానిని చెరువులో విసిరివేస్తాడు. అక్క పరువు కాపాడడం ఆ వయస్సులో అతడు చేయగలిగిన శ్రాద్ధం. అందువలన పోయిన బిడ్డ పుస్తకాలు, సైకిలు, చొక్కాలు ఎవరికైనా ఇచ్చివేసేముందు ఉన్న బిడ్డను అడగాలి. దానికి కావలసిన వస్తువు మనం ఊహించనిదై ఉండవచ్చు.

పిల్లల దుఃఖం విడతలు విడతలుగా వస్తుంది. ఉదయం ఏడ్చిన బిడ్డ సాయంత్రం మైదానంలో కేకలు వేస్తూ ఆడవచ్చు. అది మరపు కాదు, “అప్పుడే ఆటలా?” అని మందలించనక్కరలేదు. కడుపునొప్పి, పక్క తడపడం, చదువులో వెనుకబాటు వంటి రూపాలలో కూడా దుఃఖం బయటపడుతుంది. పాఠశాలలో ఉపాధ్యాయునికి ముందుగా తెలియజేయాలి. భోజనం, నిద్ర, బడి వేళలు వీలైనంతవరకు మారకుండా చూడాలి. రాఖీ పండుగ, పుట్టినరోజు, సంవత్సరికం వంటి దినాలలో పోయినవారి పేరు ఇంటిలో వినబడనివ్వాలి. ఆరేళ్ళప్పుడు సద్దుమణిగిన దుఃఖం పన్నెండేళ్ళప్పుడు, అవగాహన పెరిగిన కొద్దీ, మరల తలెత్తవచ్చు; అది సహజం. నెలలు గడిచినా నిద్రాహారాలు కుదుటపడకపోయినా, తానూ చనిపోతానని బిడ్డ అంటున్నా వైద్యుని సంప్రదించడంలో ఆలస్యం కూడదు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలి మానస్ సేవకు 14416 నంబరుపై ఉచితంగా ఫోను చేయవచ్చు.

పరామర్శకు వెళ్ళినప్పుడు తల్లిదండ్రులతో మాట్లాడిన పిదప ఒక అయిదు నిమిషాలు ఆ బిడ్డ పక్కన కూర్చోండి. ధైర్యవచనాలు అవసరం లేదు. “మీ అన్నయ్యకు ఏ ఆట ఇష్టం?” అని అడిగి, చెప్పినంతసేపూ వినండి. ఏమీ చెప్పకపోతే కాసేపు మౌనంగా కూర్చుని రండి. తరువాతి వారం మరల వెళ్ళండి.