ఇంటిపట్టున: పాలు లేని చాక్లెట్ బార్లు

ఈ కాలపు పిల్లలకు మిఠాయి అనగానే లడ్డూ, జిలేబీ జ్ఞాపకం రావు. మెరుగు కాగితం చుట్టిన చాక్లెట్ బారే జ్ఞాపకం వస్తుంది. లోపల కొబ్బరి పెట్టినది ఒకటి, వేరుశనగపప్పు, పాకమూ పెట్టినది ఒకటి, కరకరలాడే పొరలున్నది మరొకటి. పెద్దవాళ్ళం ఎంత విసుక్కున్నా పుట్టినరోజునాడు బడిలో పంచడానికి వాటినే కొంటున్నాము. కొనడం తప్పని మేము అనడం లేదు. కాని పాలు పడని పిల్ల ఇంట్లో ఉన్నప్పుడు ఇది సరదా సంగతిగా మిగలదు.

మా మేనకోడలికి తొమ్మిదేళ్ళు. ఆవుపాలు చెంచాడు లోపలికి పోయినా చాలు, ఒళ్ళంతా దద్దుర్లు, పెదవులు వాపు. డాక్టరుగారు పరీక్షలు చేయించి, పాలలోని మాంసకృత్తులే దీనికి పడవని తేల్చి చెప్పారు. బడిలో ఎవరు చాక్లెట్టు పంచినా అది తినకుండా జేబులో వేసుకొని ఇంటికి తెచ్చి తమ్ముడి చేతిలో పెడుతుంది. ఏడవదు, పేచీ పెట్టదు. ఆ ఏడవకపోవడమే మా చెల్లెలికి కష్టంగా ఉండేది. మొన్న దసరా సెలవులకు మా ఇంటికి వచ్చినప్పుడు, “పాలు లేకుండా చాక్లెట్టే ఉండదా మామయ్యా?” అని అడిగింది.

ఉంటుంది. పాలు లేనిదే మొదట పుట్టింది. కోకో గింజల్లోంచి కొవ్వును పిండి వేరుచేసే పద్ధతికి హాలెండులో వాన్ హౌటెన్ వారు 1828లో హక్కు పొందారు. ఆ పొడిలో మళ్ళీ కోకో కొవ్వు, పంచదార కలిపి, కొరికి తినే బారును ఇంగ్లండులో బ్రిస్టల్ నగరపు ఫ్రై కంపెనీ వారు 1847లో చేశారు. అందులో పాలచుక్క లేదు. పాలు కలపడం తరువాతి ముచ్చట. స్విట్జర్లాండులో వెవే అనే ఊళ్ళో డేనియల్ పీటర్ అనే ఆయన 1875 ప్రాంతంలో ఆ పని సాధించాడు. ఇంకొక చిత్రం: నేడు మన పిల్లలు రెండుగా విరుచుకు తినే కిట్‌క్యాట్ 1935లో ఇంగ్లండులో బజారుకు వచ్చింది. రెండవ ప్రపంచ యుద్ధంలో పాలకు కరువు రాగా కంపెనీవారు దానికి పాలు లేని నల్ల చాక్లెట్టునే పూసి, ఎర్ర కాగితం మాని నీలికాగితం చుట్టి అమ్మారు. యుద్ధంలో అంత దేశానికి సరిపోయినది మన ఇంటి పిల్లకు సరిపోదా?

వంటలోకి పోకముందు ఒక తేడా చెప్పాలి. పాలు పడకపోవడం రెండు రకాలు. పాలలోని చక్కెర, అనగా లాక్టోస్, అరగనివారికి కడుపుబ్బరం, విరేచనాలు కలుగుతాయి. పెద్దవాళ్ళలో ఇది తరచు చూస్తాము. వారిలో చాలామంది కొంచెం పెరుగు, నెయ్యి తట్టుకుంటారు. మా మేనకోడలిది అది కాదు. పాలలోని మాంసకృత్తులే పడనివారికి కొంచెమైనా ప్రమాదమే. ఊపిరి అందక ఆసుపత్రికి పరుగెత్తవలసి రావచ్చు. వారికి నెయ్యి కూడా నమ్మదగినది కాదు, ఎంత కాచినా ఆ మాంసకృత్తులు కొద్దిగా అందులో మిగిలి ఉండవచ్చు. ఆవుపాలకు బదులు మేకపాలు పోయవచ్చుననే మాట కొందరి నోట వింటాము. రెంటి మాంసకృత్తులూ దగ్గరి చుట్టాలు కనుక ఆ ప్రయోగం ఇంట్లో చేయరాదు. మీ పిల్లది ఏ రకమో డాక్టరే చెప్పాలి గాని పక్కింటి పిన్నిగారు చెప్పరాదు.

అందుచేత వంట మొదలయ్యేది పొయ్యి దగ్గర కాదు, కొట్లో. పొట్లం వెనుక చిన్న అక్షరాలు చదవాలి. ఆఫీసులో దస్త్రాలు చదివి చదివి మాకు ఆ అలవాటు ఉన్నది గనుక ఈ పని మా మీద పడింది. మన దేశపు నిబంధనల ప్రకారం పాలు, వేరుశనగ, సోయా మొదలైనవి సరుకులో ఉంటే ఆ మాట పొట్లం మీద విడిగా అచ్చువేయాలి. ‘మిల్క్ సాలిడ్స్’, ‘వే పౌడర్’, ‘కేసీన్’, ‘బటర్ ఫ్యాట్’ అని ఏది కనబడినా పాలే. నల్ల చాక్లెట్టు అని పైన ఉన్నంత మాత్రాన పాలు లేవని అనుకోరాదు. కొన్నింటిలో కలుపుతారు. కలపకపోయినా పాల చాక్లెట్టు పోసిన యంత్రంలోనే ఇదీ పోస్తారు. ‘మే కంటెయిన్ మిల్క్’ అన్న వాక్యం దానికోసమే. మాంసకృత్తులు పడనివారు ఆ వాక్యమున్న పొట్లాన్ని కూడా కొట్లోనే వదిలిపెట్టాలి. ఆకుపచ్చ చుక్క శాకాహారమని చెబుతుంది గాని పాలు లేవని చెప్పదు. పాలు, తేనె వంటివి కూడా కలపని సరుకుకు వేరే గుర్తును 2022లో ఏర్పరచారు. అది ఉన్నా వెనుక అక్షరాలు చదవడం మానవద్దు.

సరే, కోకో. వంటకు వాడే తియ్యని కోకోపొడి కాక, చేదుగా ఉండే ఉత్త కోకోపొడి తెచ్చుకోండి. తాగే చాక్లెట్టు పొడి తేవద్దు, అందులో పంచదార, కొన్నిట పాలపొడి కూడా ఉంటాయి. ఆంధ్రలో ఏలూరు, పశ్చిమ గోదావరి ప్రాంతాల కొబ్బరితోటల్లో, ఆయిల్‌పాం తోటల్లో నీడపట్టున కోకో పండిస్తున్నారు. మన కర్ణాటకలో పుత్తూరు వద్ద క్యాంప్కో వారి చాక్లెట్ కర్మాగారం 1986 నుండి ఉన్నది. కనుక ఇదేదో సీమసరుకు అని బెదరనక్కరలేదు. పైగా ఈ వంటకు ‘ఓవెన్’ అక్కరలేదు. మన ఇళ్ళలో అది ఉన్నదెక్కడ గనుక!

మొదట కొబ్బరి బారు. కొబ్బరి నింపి చాక్లెట్టు పూసిన బౌంటీ 1951లో ఇంగ్లండులో వచ్చింది. అక్కడివారికి అది వింత. యానాంలోని మన సోదరీమణులకు కొబ్బరిని గురించి మేము చెప్పబోవడం సముద్రానికి ఉప్పు మోయడమే. చిక్కటి కొబ్బరిపాలు 150 మిల్లీలీటర్లు, పంచదార 100 గ్రాములు, చిటికెడు ఉప్పు మందపాటి గిన్నెలో వేసి, చిన్న మంటమీద కలుపుతూ కొంచెం చిక్కబడనివ్వండి. ఐదారు నిమిషాలు చాలు. ఎండుకొబ్బరి సన్నపు పొడి 200 గ్రాములు, కొబ్బరినూనె రెండు చెంచాలు వేసి మరి రెండు మూడు నిమిషాలు తిప్పండి. కొబ్బరిలౌజు వలె ముదరనివ్వకూడదు, పట్టుకుంటే మెత్తగా ముద్ద కావాలి. కాగితం పరిచిన పళ్ళెంలో అరంగుళం మందాన అదిమి, ఫ్రిజ్‌లో ఒక గంట ఉంచి, వేలెడేసి ముక్కలుగా కోయండి. పదహారు వరకు వస్తాయి.

రెండవది వేరుశనగ బారు. స్నికర్స్ అనే పేరు మార్స్ వారింటి గుర్రానిదట. 1930లో అమెరికాలో పుట్టింది. దాని లోపలి పాకంలో పాలు కలుస్తాయి. ఆ పాకపు సాగుడు, నమలడంలోని మెత్తదనం పాలవల్లనే కనుక మనకు దాని చోట ఇంకొకటి కావాలి. కర్జూరం ఆ పని చేస్తుంది. గింజలు తీసిన కర్జూరం 200 గ్రాములు వేడినీళ్ళలో పావుగంట నాననిచ్చి, నీరు బాగా పిండి, వేయించిన వేరుశనగపప్పు ముద్ద రెండు పెద్ద చెంచాలు, చిటికెడు ఉప్పు వేసి రుబ్బండి. ఉప్పు మానవద్దు, దానితోనే పాకం రుచి వస్తుంది.

కిందిపొరకు వేయించి పొట్టు తీసిన పప్పు 150 గ్రాములు, దోరగా వేపిన అటుకులు 50 గ్రాములు విడివిడిగా పొడి చేసి, తురిమిన బెల్లం 80 గ్రాములు, కొబ్బరినూనె రెండు మూడు చెంచాలు కలిపి, పిడికిట పట్టితే నిలిచేలా మెదపండి. పప్పు ఏరేటప్పుడు ముడుచుకుపోయినవి, రంగు మారినవి, బూజు వాసన వేసేవి నిర్దయగా పారవేయండి, అందులో విషముంటుంది. ఈ పొరను పళ్ళెంలో అదిమి, దానిపై కర్జూరం ముద్ద పరిచి, రెండుగా విడిన పప్పు గుప్పెడు పైన గుచ్చి, రెండు గంటలు ఫ్రిజ్‌లో ఉంచాలి. కోవిల్‌పట్టి ప్రాంతంలోని మనవారు ఇది చదివి నవ్వుకుంటారేమో. వారి ఊరి కడలై మిఠాయికి 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. బెల్లం, పప్పు తప్ప పాల ఊసే లేని బారు తాతల నాటినుండి వారి చేతిలో ఉన్నది. నిజమే. కాని పిల్ల అడిగినది చాక్లెట్టు పూసినదాన్ని.

మూడవది పిల్లలు చేయదగినది. మరమరాలు 60 గ్రాములు పొడి బాణలిలో వేడిచేస్తే కరకరలాడతాయి. కరిగిన నల్ల చాక్లెట్టు 200 గ్రాములలో వాటిని కలిపి పళ్ళెంలో పరచడమే. బల్లారి బజారులో మండక్కి అని అడగాలి, తమిళనాట పొరి, ఒడిశాలో ముఢి, మహారాష్ట్రలో కుర్మురే. మా ఇంట్లో బొరుగులు అంటాము. ఏ పేరున తెచ్చుకున్నా సరుకు ఒకటే.

ఇక పైపూత. ఇక్కడే చాలామంది విసిగి వదిలేస్తారు. పాలు లేదని చూసుకుని కొన్న నల్ల చాక్లెట్టు 200 గ్రాములు సన్నగా తరిగి, అందులో మూడోవంతు పక్కన పెట్టండి. మిగిలినదాన్ని వేడినీళ్ళ గిన్నెమీద పెట్టిన పొడి గిన్నెలో కరిగించండి. నీళ్ళు మరగరాదు, ఆవిరి చుక్క లోపల పడరాదు. ఒక్క చుక్క నీరు చేరినా చాక్లెట్టు ముద్దకట్టి ఇసుకలాగా అవుతుంది. కరగగానే దించి, పక్కన పెట్టినది కొంచెం కొంచెంగా వేస్తూ తిప్పితే వేడి తగ్గి, ఆరాక మెరుపు, విరుపు వస్తాయి. గట్టిబడిన ముక్కలను ఫోర్కుతో ముంచి తీసి కాగితంపై పెట్టండి. కర్జూరం బారుకు తడి ఉంటుంది గనుక ముంచే ముందు అరగంట గడ్డకట్టించే అరలో పెట్టి, పైన తేమ పట్టకముందే ముంచాలి.

నమ్మదగిన చాక్లెట్టు దొరకని ఊళ్ళకు ఇంకొక దారి ఉన్నది. కోకోపొడి 50 గ్రాములు, మెత్తగా దంచి జల్లించిన పంచదార 60 గ్రాములు, గోరువెచ్చని కొబ్బరినూనె 100 గ్రాములు కలపాలి. బెల్లం వేయవద్దు, అది నూనెలో కరగదు, దాని తేమ ముద్దకడుతుంది. ఇది రుచికి బాగుంటుంది కాని చేతికి అంటుతుంది. కోకో కొవ్వు 34 డిగ్రీల దగ్గర కరుగుతుంది, కొబ్బరినూనె 24 డిగ్రీలకే కరుగుతుంది. బల్లారి ఎండల్లో మొదటిది కూడా ఓర్చుకోదు, ఇక రెండవది ఫ్రిజ్ తలుపు తెరిచినప్పటినుండీ కరగడం మొదలుపెడుతుంది. అందువల్ల నూనెపూత బారు ఇంట్లో తినేందుకే, బడికి పంపేది చాక్లెట్టు పూత వేసినదే, అదీ చలికాలంలో. వేసవిలో పుట్టినరోజు వచ్చిన పిల్లకు మరమరాల బారు, పైపూత లేని కర్జూరం ముక్కలు పంపితే క్షేమం.

మా ఇంట్లో వారు వంట చేస్తే మేము తూకం వేసి కాగితం మీద రాసుకున్నాము. అందుకే గ్రాములు. అంచనాతో చేసే చేయి ఉన్నవారు దాన్నే నమ్ముకోవచ్చు. పూతలో మాత్రం తూకం వదలవద్దు.

వేరుశనగ కూడా పడని పిల్లలుంటారు. ఈ బార్లు బడిలో పంచేముందు మాస్టరుగారికి చెప్పి పంచండి. ఇంట్లో పప్పు పడనివారికి పుట్నాలపప్పు పొడి చేసి అదే కొలతలో వాడవచ్చు, ముద్ద కావడానికి నూనె మరి రెండు చెంచాలు కావాలి. ఐదేళ్ళ లోపు పిల్లలకు గుండుపప్పు గుచ్చిన బారు పెట్టవద్దు, గొంతులో అడ్డుపడుతుంది. వారికి పొడి చేసినదే పెట్టండి. పాలు పడని పిల్లకు వండేటప్పుడు పాలు కాచిన గిన్నె, నెయ్యి అంటిన గరిటె, పాలకోవా కోసిన కత్తి ఏదీ తగలకూడదు. మా చెల్లెలు ఇందుకని ఒక గిన్నె, ఒక గరిటె, ఒక పళ్ళెం విడిగా కొని ఎర్రదారం కట్టి పెట్టుకున్నది.

కొబ్బరి బారు ఫ్రిజ్‌లో వారం నిలుస్తుంది. కొబ్బరిపాలు వేసిన సరుకు గనుక వాసన మారితే ముక్క కూడా నోట పెట్టకుండా పారవేయాలి. వేరుశనగ బారు పదిరోజులు, మరమరాలది మూత బిగించిన డబ్బాలో రెండు మూడు రోజులు. తరువాత కరకర పోతుంది గాని రుచి పోదు. మా మేనకోడలు మొదటి విడతలో పది కొబ్బరి బార్లు డబ్బాలో సర్దుకొని వెళ్ళింది, తాను పంచడానికి. మిగిలిన ఆరు ఆ సాయంత్రమే మా ఇంట్లో అయిపోయాయి.