నడుంనొప్పి మీద కట్టిన మేడలు

నాట్లేసి, కలుపు తీసి, బస్తాలు మోసిన మనిషికి నడుంనొప్పి అంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు. రేపు పనిలోకి వెళ్ళకపోతే పూట గడవదు. అందుకని ఈ రాత్రికి నొప్పి తగ్గే సూదో బిళ్ళో కావాలి. సరిగ్గా ఈ అవసరాన్ని కనిపెట్టి కోట్లు గడించిన ఒక అమెరికా మందుల కంపెనీ కథ మన కూలీలు, రైతులు తెలుసుకోవాలి. ఎందుకంటే అక్కడ కూడా ముందు బలైంది ఒళ్ళు వంచి పనిచేసేవాళ్ళే.

శాక్లర్ కుటుంబం సొత్తయిన పర్డ్యూ ఫార్మా 1996లో ఆక్సీకాంటిన్ అనే బిళ్ళను బజారులోకి తెచ్చింది. అందులో ఉన్నది ఆక్సీకోడోన్, నల్లమందు జాతి మందు. క్యాన్సరుతో మెలికలు తిరిగే రోగికి, పెద్ద ఆపరేషన్ అయినవాడికి ఇటువంటి మందు అవసరమే, దాన్నెవరూ కాదనరు. కానీ అటువంటి రోగులు ఎంతమంది ఉంటారు? కంపెనీ ఆశించిన లాభం అక్కడ లేదు. అది నడుంనొప్పిలో, కీళ్ళనొప్పుల్లో ఉంది. వెస్ట్ వర్జీనియా, కెంటకీ కొండప్రాంతాల్లో బొగ్గుగని కార్మికులు, మానులు కొట్టేవాళ్ళు, పనిలో దెబ్బలు తిని మూలనపడ్డవాళ్ళు వేలకు వేలు ఉన్నారు. నొప్పి మందులు ఏ డాక్టరు ఎక్కువగా రాస్తాడో లెక్కలు సంపాదించి, కంపెనీ తన ఏజెంట్లను ఆ డాక్టర్ల మీదికి తోలింది. ఎంత అమ్మకం పెరిగితే అంత బోనసు. మొదటి చీటీకి మందు ఉచితమంటూ కూపన్లు కూడా పంచారు. 2001 నాటికి సుమారు 34 వేల కూపన్లు చెల్లాయని అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థే తేల్చింది. మన కల్లుపాకవాడు కూడా మొదటి ముంత ఊరికే పొయ్యడు!

డాక్టర్లకు చెప్పిందేమిటి? ఇది మెల్లగా ఒంట్లోకి దిగే బిళ్ళ, అందుచేత సులువుగా అలవాటు కాదు, నొప్పి ఉన్న రోగుల్లో నూటికి ఒక్కరికి కూడా వ్యసనం రాదు అని. దీనికి చూపించిన ఆధారం 1980లో ఒక వైద్యపత్రికలో అచ్చయిన అయిదు వాక్యాల ఉత్తరం. ఆస్పత్రుల్లో ఉండి మందు తీసుకున్న 11 వేల మందికి పైగా రోగుల్లో నలుగురికే వ్యసనం కనబడిందని అందులో ఉంది. ఇంటికి పట్టుకెళ్ళి నెలల తరబడి మింగేవాడి గురించి అందులో ఒక్క ముక్క కూడా లేదు. పైగా బిళ్ళను నలిపితే చాలు, మెల్లగా దిగాల్సిన మందంతా ఒక్కసారే ఒంటికెక్కుతుంది. అమ్మకాలు 1996లో 4.8 కోట్ల డాలర్లు. 2000 నాటికి 100 కోట్లు దాటాయి.

జనం చావడం మొదలయ్యాక కంపెనీ ఏమంది? మందుకు అలవాటుపడ్డవాళ్ళే దోషులు, నేరస్థులు, వాళ్ళనే అన్ని విధాలా దెబ్బకొట్టాలి అని 2001లో కంపెనీ పెద్ద రిచర్డ్ శాక్లర్ రాశాడు. కోర్టు పత్రాల్లో బయటపడిన మాట ఇది. పురుగుమందు కొడుతూ కూలీ పొలంలోనే పడిపోతే "మూతికి గుడ్డ కట్టుకోలేదు, వాడిదే తప్పు" అన్న మాట మనం ఎన్నిసార్లు వినలేదు?

దావాలు పడలేదని కాదు. 2001లోనే వెస్ట్ వర్జీనియా రాష్ట్రం కోర్టుకెక్కింది. 2004లో కోటి డాలర్లకు రాజీ. మందు గురించి తప్పుడు ప్రచారం చేశామని 2007లో కంపెనీ ఫెడరల్ కోర్టులో నేరం ఒప్పుకుంది. కంపెనీ, దాని ముగ్గురు పెద్ద అధికారులు కలిసి 63 కోట్ల డాలర్లకు పైగా కట్టారు. ఒక్కడూ జైలుకెళ్ళలేదు. బిళ్ళ బజారులోనే ఉంది. 2020లో మళ్ళీ అదే కంపెనీ మళ్ళీ నేరాలు ఒప్పుకుంది. అంటే ఆ జరిమానా వాళ్ళకు శిక్ష కాదు, వ్యాపారం ఖర్చు.

రాజీల్లో ఇంకో మోసం ఉంది. కెంటకీ రాష్ట్రం వేసిన దావా 2015లో 2.4 కోట్ల డాలర్లకు ముగిసినప్పుడు కంపెనీ లోపలి కాగితాలకు సీలు పడింది. ఒక వార్తాసంస్థ ఏళ్ళ తరబడి కోర్టులో పోరాడితే గాని 2019లో అవి బయటికి రాలేదు. డబ్బిచ్చి కొన్నది నోళ్ళు మూయించడాన్నే. ఆ మధ్యకాలంలో మరో రాష్ట్రంలో మరో డాక్టరు అదే ఏజెంటు మాట నమ్మాడు. మందు దొరకనివాళ్ళు హెరాయిన్‌కు, తర్వాత ఫెంటనిల్‌కు దిగారు.

పర్డ్యూ ఒక్కటే కాదు. వెస్ట్ వర్జీనియాలో కెర్మిట్ అని 400 మంది ఉన్న ఊరుంది. అక్కడి ఒక్క మందుల దుకాణానికి రెండేళ్ళలో దాదాపు 90 లక్షల హైడ్రోకోడోన్ బిళ్ళలు పంపారు హోల్‌సేల్ కంపెనీలవాళ్ళు. పంపేటప్పుడు లెక్కలు కళ్ళబడలేదా?

వేల దావాలు మీదపడ్డాక 2019లో పర్డ్యూ దివాలా పిటిషన్ వేసింది. అంతకుముందు దశాబ్దంలో శాక్లర్లు కంపెనీ నుంచి తీసుకున్నది సుమారు 1,100 కోట్ల డాలర్లు! కంపెనీ దివాలా, యజమానులు కుబేరులు. తాము దివాలా తీయకుండానే, ఇకముందు తమ మీద ఎవరూ దావా వేయకూడదని రక్షణ కోరారు. అమెరికా సుప్రీంకోర్టు 2024 జూన్‌లో 5-4 తేడాతో అది చెల్లదంది. ఆ దెబ్బకే బేరం పెరిగింది. 2025 నవంబరులో కోర్టు ఆమోదించిన కొత్త ఒప్పందం 740 కోట్ల డాలర్లది. కంపెనీ కాగితాలు బయటపెట్టాలనే షరతు కూడా ఉంది. నా లెక్కలో డబ్బుకన్నా ఈ షరతే విలువైనది. అయితే ఆ సొమ్ములో బాధిత మనుషులకు చేరేది చిన్న వాటా. అదీ డాక్టరు ఆ మందు రాశాడని రుజువు చూపగలిగినవాళ్ళకే. ఇరవై ఏళ్ళనాటి చీటీ ఏ గని కార్మికుడి పెట్టెలో ఉంటుంది?

మన దగ్గర సంగతి చూద్దాం. 2019 వినియోగదారుల చట్టంలో లోపమున్న సరుకుకు తయారీదారు బాధ్యత వహించాలనే అధ్యాయం ఉంది. కాగితం మీద బాగానే ఉంది. కానీ పల్లెలో కూలీకి మందు వచ్చేది చీటీ లేకుండా, బిల్లు లేకుండా, పొట్లంలో. కొన్నట్టే రుజువు లేనివాడు ఏ కోర్టుకెళ్తాడు? మందుల కంపెనీల ప్రచారానికి 2024 మార్చిలో కేంద్రం ఒక నియమావళి తెచ్చింది. దాని కింద కంపెనీ మీద ఫిర్యాదు వినేది కంపెనీల సంఘం వేసిన కమిటీయే! 2023 జన్ విశ్వాస్ చట్టంతో ఔషధ చట్టం 27(డి) కింద నాసిరకం మందుల నేరాలను కూడా సొమ్ము కట్టి రాజీ చేసుకునే వీలు కల్పించారు. పర్డ్యూకు 2007లో దొరికిన దారిని ఇక్కడ చట్టమే పరిచిపెట్టిందన్నమాట.

ఈసారి కూలిరేట్ల డిమాండ్ల పక్కన సంఘాలు ఇవి కూడా రాయాలి. బిళ్ళ ఒక్కటి కొన్నా బిల్లు ఇవ్వాలి. కంపెనీలు డాక్టర్లకిచ్చే ప్రతి పైసా లెక్క బయటపెట్టాలి. 27(డి) సవరణను వెనక్కి తీసుకోవాలి.