ప్యాకేజీని చూసి కట్నం, కట్నానికి జడిసి స్కానింగ్! ఇంకెన్నాళ్లు?

మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి, నానక్‌రాంగూడల్లో పనిచేసే అక్కలారా, అన్నలారా!

"ఆడశిశు హత్యలా? అవి తండాల్లో, పల్లెల్లో కదా! మనం చదువుకున్నవాళ్లం" అనుకుని ఈ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకోకండి. తండా నుంచి మన టవర్‌కు దారి ఉంది. అది మన పే స్లిప్ మీదుగానే పోతుంది.

సైబర్ టవర్స్ 1998 నవంబర్‌లో మొదలైంది. ఆ మరుసటి ఏడాది, మళ్లీ 2001లో, ఇదే హైదరాబాద్‌లో కొన్ని దత్తత కేంద్రాల బాగోతం బయటపడింది. లంబాడా తండాల్లో పుట్టిన ఆడబిడ్డలను దళారులు కొద్దిపాటి డబ్బుకు కొని, విదేశీ దత్తత కోసం ఆ కేంద్రాలకు చేర్చారు. నల్లగొండ జిల్లా దేవరకొండ వైపు తండాల్లో కొందరు బిడ్డలు అమ్ముడుపోయారు, ఇంకొందరికి పురిట్లోనే నూకలు చెల్లాయి. అందరం ఆ తల్లులను తిట్టిపోశాం. లంబాడాల్లో ఒకప్పుడు మగపెళ్లివాళ్లే పిల్ల తండ్రికి ఓలి ఇచ్చేవాళ్లన్న సంగతి ఎంతమందికి తెలుసు? మన ఆచారం వాళ్లకూ పాకి, ఓలి పోయి కట్నం వచ్చింది. రెండెకరాల మెట్ట ఉన్నవాడికి మూడో ఆడపిల్ల పుట్టిందంటే ఆ మెట్ట కూడా పోయినట్టే.

మరి కట్నం రేటు ఎక్కడ తేలుతోంది? ఇక్కడే! "అబ్బాయి హైటెక్ సిటీలో చేస్తున్నాడు" అని పెళ్లిళ్ల పేరయ్య నోరు తెరవగానే అంకె మారిపోతుంది. ఆన్‌సైట్ అయితే ఒక లెక్క, హెచ్1బీ అయితే ఇంకో లెక్క. కట్నం 1961 నుంచీ నేరమే. అయినా "మేం అడగలేదండీ, వాళ్లే ముచ్చటపడి ఫ్లాట్ రాసిచ్చారు" అనే పెళ్లికొడుకులు ప్రతి ఫ్లోర్‌లోనూ ఉన్నారు. ఆ ముచ్చట సంగతి ఊళ్లో విన్న ప్రతి ఆడపిల్ల తండ్రికీ గుండె జారుతుంది.

డబ్బున్న ఇంట్లో గొంతు నులమరు. అక్కడ పని ఏసీ గదిలో జరుగుతుంది. మొదటి కాన్పు అమ్మాయి. రెండోసారి నెల తప్పగానే ఊరి నుంచి అత్తగారు దిగుతారు. "ఈసారి బాబైతే ఆపరేషన్ చేయించేసుకోవచ్చు కదమ్మా" అని మెత్తగా మొదలుపెడతారు. తెలిసిన ఆర్ఎంపీ ఒకాయన ఊరవతల ఓ స్కానింగ్ సెంటర్ చూపిస్తాడు. చీకటి గది, పొట్ట మీద చల్లటి జెల్, అటు తిప్పి పెట్టిన స్క్రీన్. డాక్టర్ పెదవి విప్పడు. బయటికొచ్చి "స్వీట్లు పంచండి" అంటే ఒక అర్థం, "మళ్లీ చూద్దాం లెండి" అంటే ఇంకో అర్థం. పుట్టబోయేది ఎవరో తెలుసుకోవాలని తనకు లేదంటూ అంతకుముందే కౌంటర్ దగ్గర ఆమె చేత ఫారం-ఎఫ్ మీద సంతకం కూడా పెట్టించి ఉంటారు!

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరేళ్ల లోపు పిల్లల్లో ప్రతి వెయ్యి మంది మగపిల్లలకు 1991లో 975 మంది ఆడపిల్లలు ఉండేవాళ్లు. 2001 నాటికి 961 మందే ఉన్నారు. 2011లో 939. ఐటీ పెరిగింది, జీతాలు పెరిగాయి, ఇంజనీరింగ్ కాలేజీలు పెరిగాయి. ఆడపిల్లలు మాత్రం తగ్గారు. చదువొస్తే ఇది పోతుందన్నవాళ్లు ఈ అంకెలకు సమాధానం చెప్పాలి.

మన ఇండస్ట్రీ చేతులూ అంత శుభ్రంగా లేవు. లింగ నిర్ధారణ ప్రకటనలను 1994 చట్టమే నిషేధించింది. అయినా అవి ఇంటర్నెట్‌లో కనపడుతున్నాయని ఉద్యమకారుడు డాక్టర్ సాబు జార్జ్ 2008లో సుప్రీంకోర్టుకెక్కారు. గూగుల్, మైక్రోసాఫ్ట్, యాహూ సంస్థలు లింగ నిర్ధారణ గురించి వెతికే పదాలను వాటంతటవే అడ్డుకునేలా చేస్తామని ఒప్పుకునేసరికి 2016 వచ్చింది. వాటిలో రెండింటి పెద్ద ఆఫీసులు మన కారిడార్‌లోనే ఉన్నాయి.

ఆడపిల్లలు తగ్గితే వాళ్లకు గిరాకీ పెరిగి గౌరవం వస్తుందని కొందరు తెలివైనవాళ్లు అంటుంటారు. హర్యానాను చూడండి. 2011లో అక్కడి లెక్క 834. అస్సాం, బెంగాల్, ఒడిశాల నుంచి పెళ్లికూతుళ్లను కొని తెచ్చుకుంటున్నారు. అలా వచ్చిన కోడలిని ఊరు "మోల్కీ" అని పిలుస్తుంది, అంటే వెలపెట్టి కొన్నది అని. గిరాకీ తెచ్చిన గౌరవం ఇదీ!

చట్టం మన చేతిలో ఉంది. కడుపులో ఉన్నది ఆడో మగో మాటతో చెప్పినా, సైగతో చెప్పినా నేరమే. చెప్పిన డాక్టర్‌కు మొదటిసారి మూడేళ్ల దాకా జైలు. అడిగిన భర్తకూ అత్తమామలకూ మూడేళ్ల దాకా జైలు, రూ. 50,000 వరకు జరిమానా. గర్భిణిని మాత్రం ఒత్తిడికి లొంగిన మనిషిగానే చట్టం చూస్తుంది. కాబట్టి చెల్లెమ్మా, నువ్వు భయపడాల్సిన పని లేదు. అన్నట్టు, ఇది అబార్షన్ మీద యుద్ధం కాదు. 1971 చట్టం ఆడదానికి ఇచ్చిన ఆ హక్కు ఆమెదే. ఆడపిల్ల అని తేల్చి తీయించడం మీదే మా పోరాటం.

ఎక్కడైనా ఇలాంటి స్కానింగ్ జరుగుతోందని తెలిస్తే జిల్లా వైద్య ఆరోగ్య శాఖాధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. 15 రోజుల నోటీసు ఇచ్చాక నేరుగా కోర్టుకూ వెళ్లవచ్చు. ఇంట్లో ఒత్తిడి పెడుతుంటే 181కి ఫోన్ చేయండి. మీ ఇంట్లో పనిచేసే అక్కో, మీ సైట్‌లో కూలికొచ్చిన చెల్లో పుట్టిన బిడ్డను సాకలేనంటే 1098కి చెప్పండి. బిడ్డను బాలల సంక్షేమ కమిటీకి అప్పగించవచ్చు, మనసు మారితే 60 రోజుల్లోపు వెనక్కి తీసుకోవచ్చు. చెత్తకుండీ దాకా పోనవసరం లేదు.

పెళ్లి కావాల్సిన తమ్ముళ్లూ! ఈ వారాంతం ఇంటికి ఫోన్ చేసి కట్నం వద్దని చెప్పండి. ఫ్లాట్ వద్దు, కారు వద్దు, "వాళ్ల ముచ్చట" కూడా వద్దు. చదివాక ఈ కరపత్రాన్ని పక్క సీటువాళ్లకు ఇవ్వండి.

– ఐటీ కారిడార్ ఉద్యోగినులు, ఉద్యోగులు, కార్మికులు