మా అమ్మ పాతకాలం మనిషిరా

విదేశాల్లో చదువుకొని వచ్చినవాళ్ళు రాసుకునే జ్ఞాపకాల్లో చివరి రోజు తప్పకుండా ఉంటుంది. పెట్టెలు సర్దుకోవడం, ఫొటోలు, కౌగిలింతలు, కన్నీళ్ళు. సముద్రం దాటితే కులం పోతుందనీ, అక్కడ అందరం తెలుగువాళ్ళమేననీ ఒక మాట. నేనూ అట్లా ఏడ్చి వచ్చినవాణ్ణే. నేను మాదిగోణ్ణి. మాది నల్గొండ జిల్లా. మా నాయిన చెప్పులు కుట్టిండు, డప్పు కొట్టిండు. మా అమ్మ నాట్లకూ కలుపులకూ కైకిలి పోయింది. అంబేద్కర్ పేరు మీద సర్కారు ఇచ్చే విదేశీ విద్యానిధితో 2018లో ఇంగ్లండు పోయి ఎమ్మెస్సీ చదివాను. ఆ చివరి రోజు లెక్క నాకింకా తేలలేదు. అది తేల్చుకోవడానికే ఈ నాలుగు మాటలు.

బర్మింగ్‌హామ్‌లో ఒక ఇంట్లో నలుగురం ఉండేవాళ్ళం. నాతో గది పంచుకున్నవాడు హిమాయత్‌నగర్ పిల్లగాడు. ఒకే కుక్కర్లో వండుకున్నాం. నా కంచంలో చెయ్యిపెట్టి తిన్నాడు. నా కులం తెలియక కాదు. 2019 ఏప్రిల్ 14న నాతోపాటు లండన్ వచ్చాడు. 10, కింగ్ హెన్రీస్ రోడ్డు. 1921-22లో బాబాసాహెబ్ ఉన్న ఇల్లు. 2015లో మహారాష్ట్ర ప్రభుత్వం కొన్నది. ఆ ఇంటి గోడ మీది నీలం పలక కింద నన్ను నిలబెట్టి ఫొటో తీసింది వాడే. ‘జై భీమ్‌’ అని కూడా అన్నాడు. నేను నమ్మాను.

వాడికి అక్కడే ఉద్యోగం దొరికింది. నేను తిరిగి రావాలి. చివరి రాత్రి వాళ్ళ అమ్మకోసం ఒక పార్సిల్ తెచ్చి ఇచ్చాడు. చక్కెర పరీక్ష చేసుకునే స్ట్రిప్పులు, ఒక స్వెట్టరు, చాక్లెట్లు. నాకు 23 కిలోల పెట్టె ఒక్కటే. నేను కడుపు కట్టుకొని కొన్న పుస్తకాలు నాలుగు తీసి పక్కన పెట్టి, ఆ పార్సిల్ సర్దాను. ‘‘హైదరాబాద్‌ల రూమ్ కోసం తిరగకు. మా పై పోర్షన్ ఖాళీగనే ఉంది. అమ్మకు చెప్త’’ అన్నాడు. బస్టాండులో ఇద్దరం పట్టుకొని ఏడ్చాం.

అక్టోబరులో ఒక పొద్దున లిబర్టీ దగ్గర బస్సు దిగి, హిమాయత్‌నగర్ గల్లీల్లో ఇల్లు వెతుక్కుంటూ పోయాను. గేటుకు టు లెట్ బోర్డు వేలాడుతోంది. ఆ తల్లి చానా సంతోషపడింది. స్వెట్టరు భుజం మీద వేసుకొని చూసుకుంది. కాఫీ ఇచ్చింది. పైన రెండు గదులున్నాయనీ, నీళ్ళకు కొదవ లేదనీ చెప్పింది. తర్వాత మొదలైంది. ఇంటిపేరేంటి? ఏ ఊరు? నాయిన ఏం చేస్తాడు? చివరికి, ‘‘మీరేమిట్లు బాబూ?’’

అబద్ధమాడొచ్చు. ఈ నగరంలో గది కోసం మావాళ్ళు ఎన్ని ఇంటిపేర్లు మింగారో, ఎన్ని కులాల పేర్లు అప్పు తెచ్చుకున్నారో నాకు తెలుసు. నేను ఆడలేదు. ‘‘మాదిగలం ఆంటీ’’ అన్నాను.

ఆమె తిట్టలేదు. కాసేపు ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. ‘‘పై పోర్షన్ మొన్ననే ఎవరికో మాటిచ్చాం బాబూ. వాడికి చెప్పడం మర్చిపోయాను’’ అంది. రెండు వారాల తర్వాత అటు పోతే బోర్డు అట్లనే ఉంది.

ఆ రాత్రే వాడికి ఫోన్ చేశాను. ‘‘మా అమ్మ పాతకాలం మనిషిరా. ఏమనుకోకు’’ అన్నాడు. నాకు కోపం వచ్చింది ఆ తల్లి మీద కాదు.

ఒకసారి 1917లోకి పోదాం. అమెరికాలో, లండన్‌లో చదివి అంబేద్కర్ బరోడా సంస్థానంలో కొలువుకు వచ్చాడు. వేరే ఓడలో వేసిన ఆయన పుస్తకాలు యుద్ధంలో సముద్రం పాలయ్యాయి. ఉండడానికి ఇల్లు దొరక్క పార్సీ పేరు పెట్టుకొని పార్సీల సత్రంలో దిగాడు. పదకొండో రోజున కర్రలతో వచ్చి వెళ్ళగొట్టారు. ఆ ఊళ్ళో ఆయనకు ఇద్దరు స్నేహితులున్నారు. నువ్వొస్తే నా నౌకర్లు పోతారన్నాడు హిందూ స్నేహితుడు. నా భార్య వస్తోంది, ఆమెను అడగాలన్నాడు క్రైస్తవుడైన స్నేహితుడు. బొంబాయి రైలు వేళదాకా ఐదు గంటలు తోటలో కూర్చున్నాడా మనిషి.

చూడండి మిత్రులారా! తప్పు ఎప్పుడూ స్నేహితుడిది కాదు. అప్పుడు నౌకర్లది, భార్యది. నూరేండ్లు దాటినా అదే సాకు, ఇప్పుడు అమ్మది. అభ్యుదయమంతా కొడుకు ఉంచుకుంటాడు, అంటు మాత్రం అమ్మ నెత్తిన పెడతాడు. ఇల్లు మాత్రం రేపు వాడిదే.

పాతకాలమట! మా అమ్మ ఏ కాలం మనిషి? చేదబాయి కాడ ఎవరన్నా నీళ్ళు పోస్తే దోసిలి పట్టిన మనిషి. ఆమెకు అక్షరం ముక్క రాదు. వాడు మా గూడేనికొస్తే కోడిని కోసి, మంచమేసి, వాడి కులం అడగకుండా పెడుతుంది. పాతకాలానికీ దీనికీ సంబంధం లేదు. అది కులం. దాని పేరు పెట్టి దాన్ని పిలవండి.

విదేశంలో కులం లేదనేవాళ్ళకు ఒక మాట. ఇంగ్లండులో రవిదాసీలకు వేరే గురుద్వారాలు ఎందుకున్నాయి? వివక్ష చట్టంలో కులం పేరు చేర్చబోమని 2018లో బ్రిటన్ ప్రభుత్వం చెప్పింది. సియాటిల్ నగరం 2023లో చేర్చింది. లేని రోగానికి ఎవరూ మందు రాయరు.

ఆ రాత్రి నాకు చోటిచ్చింది ఉస్మానియా హాస్టల్లో ఒక జూనియర్. ఇనుప మంచం నాకిచ్చి తాను కింద పడుకున్నాడు. మూడు నెలలు అట్లా నాన్‌బోర్డర్‌గా బతికాను. మెస్సులో వాడి అన్నమే ఇద్దరం తిన్నాం. నా చదువుకు ముగింపు వీడ్కోలు ఆ బస్టాండులో కాదు, ఆ హాస్టల్ గదిలో జరిగింది. పోయిన నేస్తం ఎవరో, ఉన్న నేస్తం ఎవరో అక్కడ తెలిసింది.

ఇంకా అక్కడున్న నా తెలుగు స్నేహితులకు చెప్తున్నా. మీ కన్నీళ్ళు దొంగవని నేననను. కానీ మావాడెవడన్నా ఇంటికి బయల్దేరే రోజు వాణ్ణి కౌగిలించుకునే ముందు మీ ఇంటికి ఫోన్ చెయ్యండి. ‘‘అమ్మా, వాడు మాదిగోడు, మాలోడు, నా స్నేహితుడు. మన ఇంట్లో ఉంటాడు’’ అని వాడు వినేటట్టు చెప్పండి. చెప్పలేకపోతే పార్సిల్ ఇవ్వకండి. మా పెట్టెలో మా పుస్తకాలకే చోటు చాలదు.