పాకం కుదరాలి!

వేరుశనగ ఉండ తిననివాళ్ళు మనలో ఉండరు. మెచ్చుకోలంతా పప్పుకే దక్కుతుంది, పాకాన్ని ఎవరూ తలుచుకోరు. కాని పాకం లేతగా ఉంటే ఉండ చేతిలోనే విడిపోతుంది. ముదిరితే పన్ను విరుగుతుంది. మరీ ఎక్కువైందా... పప్పు ఎక్కడుందో వెతుక్కోవాలి! లిథియం-గంధకం బ్యాటరీల కథ కూడా ఇంతేనని నా అభిప్రాయం.

గంధకం చవక. పెట్రోలియం శుద్ధి కర్మాగారాలలో గుట్టలుగా మిగులుతుంది. సిద్ధాంతరీత్యా గ్రాము గంధకం 1675 మిల్లీ ఆంపియర్-అవర్లు ఇవ్వగలదు. సెల్‌ఫోన్ బ్యాటరీలలోని కోబాల్ట్ ఆక్సైడు ఇచ్చేది గ్రాముకి 140 నుంచి 180 దాకా మాత్రమే. మరి ఇంతటి గంధకం మన ఫోన్లలోకి ఇంకా ఎందుకు రాలేదు?

కారణాలు మూడు. ఒకటి, గంధకం విద్యుత్తును ప్రసరింపనివ్వదు. అందుకని కర్బనం కలపాలి. రెండు, లిథియంతో కలిసి సల్ఫైడుగా మారేటప్పుడు అది 80 శాతం దాకా ఉబ్బుతుంది, చార్జి చేస్తే మళ్ళీ కుంచించుకుపోతుంది. ఈ పొంగులకీ కుంగులకీ ఎలక్ట్రోడు పగుళ్ళిస్తుంది. మూడోది అన్నిటికన్నా పెద్ద తంటా. మధ్య దశలో పుట్టే పాలీసల్ఫైడులు ఎలక్ట్రోలైటులో కరిగి, అవతల ఉన్న లిథియం దగ్గరికి పోతాయి. అక్కడ కొన్ని చిక్కుకుపోతాయి, కొన్ని తిరిగి వస్తాయి. ఈ రాకపోకలతోనే సెల్లు బక్కచిక్కిపోతుంది.

పాలిమర్ల అవసరం ఇక్కడే వస్తుంది. 2009లో కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయంలో లిండా నాజర్ బృందం కర్బనపు సన్నని రంధ్రాలలో గంధకాన్ని నింపి, దానికి పాలిథిలీన్ గ్లైకాల్ జోడించింది. పాలీసల్ఫైడులు జారిపోవడం తగ్గింది. 2013లో అమెరికాలోని ఆరిజోనా విశ్వవిద్యాలయంలో జెఫ్రీ ప్యూన్ బృందం ఇంకో అడుగు వేసి, గంధకాన్నే పాలిమరు గొలుసులో భాగం చేసింది. 2021లో ఆస్ట్రేలియాలోని మొనాష్ విశ్వవిద్యాలయం వారు బైండరులో చక్కెర జాతి పదార్థం కలిపి, వెయ్యి విడతలు నడిచిన సెల్లును చూపించారు. అక్షరాలా పాకమే కదా! తుమ్మజాతి చెట్ల జిగురును కూడా ఈ పనికి పరీక్షించారు. ఆక్సిజను, నైట్రోజను ఉన్న పాలిమర్లు పాలీసల్ఫైడులను పట్టి ఉంచగలవు. మామూలు బైండరు పొడిని అంటించి ఊరుకుంటుంది. ఇవి అంటిస్తూనే కాపలా కూడా కాస్తాయి.

కనుక జిగురే కదా అని చులకన చేయడం తప్పు. అయితే దాన్ని ఆకాశానికి ఎత్తడం కూడా అంతే తప్పు! ఎందుకంటే ఆ పాలిమరులో చాలాభాగం తాను విద్యుత్తు దాచదు. దాని బరువు మాత్రం బ్యాటరీ మోయాలి.

చిన్న లెక్క వేద్దాం. ఎలక్ట్రోడులో 70 శాతం గంధకం, గ్రాము గంధకానికి 800 వస్తోందనుకోండి. అంటే గ్రాము ఎలక్ట్రోడుకి 560. ఇప్పుడు కొత్త పాలిమరు దండిగా కలిపాం. గంధకానికి లెక్కకడితే 1000 వచ్చింది, చప్పట్లు! కాని గంధకం వాటా 50 శాతానికి పడింది. గ్రాము ఎలక్ట్రోడుకి దక్కింది 500. పెరిగిందా, తరిగిందా? సెల్లు ఆయుష్షు బాగా పెరిగితే ఆ నష్టాన్ని భరించవచ్చు. అది వేరే సంగతి. కాని రెండు లెక్కలూ చెప్పాలి కదా! ఎలక్ట్రోలైటు సంగతీ అంతే. బొత్తాం సెల్లులో దాన్ని ధారాళంగా పోస్తే ఎలక్ట్రోడు లోపాలు కొన్ని కనిపించవు. నిజమైన బ్యాటరీలో ఆ ద్రవం బరువు కూడా మొయ్యక తప్పదు.

మన ప్రయోగశాలల్లో ఖరీదైన యంత్రాలు లేకపోవచ్చు. నిజాయితీగా లెక్క రాయడానికి త్రాసు, నోటుపుస్తకం చాలు. విద్యార్థి మిత్రులు పాలిమరు ఎంత కలిపారో, ఎక్కడ వికటించిందో కూడా రాయాలి. వికటించిన పాకం గురించి ముందే తెలిస్తే, తర్వాత వచ్చేవాడికి ఒక ఏడాది మిగులుతుంది.

గురువులకు కూడా ఒక మనవి. ప్రాజెక్టు వైవాలో "కెపాసిటీ ఎంత వచ్చిందోయ్?" అని అడగండి, తప్పులేదు. వెంటనే "దేని గ్రాముకి?" అని కూడా అడగండి!