నీరడగని పూలపొదలు: గన్నేరు కంటే తంగేడు మేలు

సాలూరు వానలకు మొగం వాచిన ఊరేమీ కాదు. అయినా ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ పెరటి మొక్కకు రోజూ బిందెడు నీళ్ళు పోయడం భారమే. నీరడగని పూలపొదలు నాటుకోవడం వివేకమైన పని. వైద్యునిగా నాకు మరొక కారణం కూడా తోస్తుంది. నిత్యం తడిపే కుండీల కింది పళ్ళెంలో నిలిచే నీరే డెంగీ దోమకు పురిటిల్లు.

అయితే మనవారు ముందుగా తెచ్చేది గన్నేరు. ఎండకు వాడదు, పశువు ముట్టదు అంటారు. పశువు ఎందుకు ముట్టదో ఆలోచించరు! ఆ మొక్క వేరు నుండి పూవు దాకా విషమే. గన్నేరులోని ఒలియాండ్రిన్, పచ్చగన్నేరు గింజలోని థెవెటిన్, గుండెజబ్బుకు మేమిచ్చే డిగాక్సిన్‌కు దగ్గరి బంధువులు. గుండె కణాల్లో సోడియం, పొటాషియంల రాకపోకలను అడ్డగించి నాడి లయ తప్పిస్తాయి. ఆకు ఎండినా, ఉడికినా ఆ గుణం పోదు. శ్రీలంకలో 1980ల నుండి పచ్చగన్నేరు గింజల వల్ల వేలమంది ఆసుపత్రుల పాలైనారు. డిగాక్సిన్‌కు వాడే ప్రతిరక్షకాల విరుగుడు దీనికీ పనిచేస్తుందని అక్కడి పరిశోధనలో తేలింది గాని, దాని ధర పేదలకు అందేది కాదు.

రహదారి నడుమ గన్నేరును ఉండనివ్వండి. బడి ఆవరణలో, వసతి గృహంలో, ఇంటి గుమ్మం పక్కన వద్దు. పిల్లల కుతూహలానికీ, పెద్దల క్షణికావేశానికీ విషపు గింజ చేతికందే దూరంలో ఉండరాదు.

దాని స్థానంలో తంగేడు నాటమంటాను. మన నేలకు పుట్టిన పొద. తెలంగాణ దానిని రాష్ట్ర పుష్పంగా గౌరవించింది. ముళ్ళగోరింట, కాగితం పూలు కూడా మంచివే. ఒక్క హెచ్చరిక: తంగేడు అనుకొని కసివిందను పెంచకండి. 2016లో మనకు పొరుగునే ఉన్న ఒడిశాలోని మల్కనగిరి జిల్లాలో మెదడు జబ్బుతో పిల్లలు మరణించినప్పుడు, జపనీస్ మెదడువాపుతో పాటు కసివింద గింజలను కూడా నిపుణులు కారణంగా చూపారు. తంగేడు ఆకులు చిన్నవి, కొన గుండ్రం. కసివింద ఆకులు పెద్దవి, మొనదేలినవి, నలిపితే వెగటు వాసన.

తొలకరికి నాటితే వేరు లోతుకు దిగుతుంది. మొదటి వేసవిలో అప్పుడప్పుడు నీళ్ళు పోసి, మొదట్లో ఎండుటాకులు కప్పండి. రెండో ఏటికి అది మిమ్మల్ని నీళ్ళడగదు.